సర్టిఫికెట్‌లో నలభై శాతం, బతుకులో నూరు శాతం: ఒక సెంట్రింగ్ కార్మికుడి పరిహారం కేసు

పని ప్రమాదాల పరిహారం కేసుల్లో వైకల్య సర్టిఫికెట్ మీద రాసిన శాతాన్నే చాలామంది తుది లెక్కగా తీసుకుంటున్నారు. కార్మికుడూ, యజమానీ, బీమా కంపెనీ, ఒక్కోసారి మన న్యాయవాదులు కూడా. సర్టిఫికెట్‌లో 40 ఉంటే పరిహారంలో 40 శాతం ఇచ్చి ఫైలు మూసేస్తారు. చట్టం అలా చెప్పలేదు, సుప్రీంకోర్టు కూడా అలా చెప్పలేదు. ఆ తేడా ఒక కుటుంబానికి దాదాపు పది లక్షల రూపాయల తేడా అయిన కేసు ఇది. గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. క్లయింట్ అనుమతితోనే రాస్తున్నాను.

నేపథ్యం

క్లయింట్‌కి ప్రమాదం నాటికి 40 ఏళ్లు. ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చి హైదరాబాద్ శివార్లలో సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు కట్టి, తర్వాత విప్పే పని) కార్పెంటర్‌గా పనిచేసేవారు. ఒక బిల్డర్ అపార్ట్‌మెంట్ కడుతున్నారు. సెంట్రింగ్ పనిని ఒక మేస్త్రీకి కాంట్రాక్టుకి ఇచ్చారు. ఆ మేస్త్రీ కింద పదిమంది దాకా పనివాళ్లు ఉండేవారు. రోజు కూలి 950 రూపాయలు, శనివారం శనివారం ఫోన్‌పేలో డబ్బులు పడేవి.

బీమ్ పక్కల ప్లైవుడ్ షీట్లు విప్పుతుండగా కాలి కింద చెక్క జారింది. పన్నెండు అడుగుల ఎత్తు నుంచి కుడి చేయి కిందకొచ్చేలా పడిపోయారు. మోచేతి పైన ఎముక విరిగింది, దాని పక్కనే వెళ్లే నరం దెబ్బతింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఎముక అతుక్కుంది గానీ నరం కోలుకోలేదు. మణికట్టు వాలిపోయింది, పిడికిలి బిగుసుకోదు, చేయి భుజం ఎత్తు దాటి లేవదు.

ఆస్పత్రిలో ఉండగానే బిల్డర్ మనుషులు వచ్చి, సొంత ఊరి పెద్దమనిషి ఒకాయన సమక్షంలో, స్టాంపు పేపరు మీద సంతకం పెట్టించుకున్నారు. లక్షన్నర ముట్టిందనీ, ఇకపై ఎలాంటి క్లెయిమూ చేయననీ, పోలీసు కేసు వద్దనీ అందులో రాసి ఉంది. కుడి చేయి కట్టులో ఉంది కాబట్టి ఎడమ చేతి వేలిముద్ర వేయించారు. ఆ లక్షన్నర ఆపరేషన్ కోసం చేసిన అప్పులకే సరిపోయింది.

మా దగ్గరికి వచ్చేసరికి

ప్రమాదం జరిగి ఏడాది దాటాక ఆయన భార్య కాగితాల కవరుతో వచ్చారు. క్లెయిమ్ వేయడానికి రెండేళ్ల గడువుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న: "సార్, సంతకం పెట్టేశాం కదా, ఇంకేమైనా వస్తుందా?"

ఉద్యోగుల పరిహార చట్టం, 1923లోని 17వ సెక్షన్ దీనికి సూటిగా జవాబిస్తుంది. చట్టం ఇచ్చే పరిహారాన్ని వదులుకుంటున్నట్టో తగ్గించుకుంటున్నట్టో చేసుకున్న ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఇక 28వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఒప్పందాన్ని కమిషనర్ (ఈ చట్టం కింద పరిహారం కేసులు తేల్చే అధికారి) దగ్గర రిజిస్టర్ చేయాలి. చేయకపోతే 29వ సెక్షన్ వర్తిస్తుంది: యజమాని పూర్తి పరిహారం కట్టాలి, పైగా అప్పటికే ఇచ్చిన దాంట్లో సగానికి మించి మినహాయించుకోవడానికి వీల్లేదు, కమిషనర్ వేరేలా ఆదేశిస్తే తప్ప. అంటే ఆ లక్షన్నరలో 75,000 మాత్రమే లెక్కలోకి వస్తాయి. 17వ సెక్షన్‌ని అందరూ ఉదహరిస్తారు, 29ని చాలామంది మర్చిపోతారు.

కవరులో డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, మెడికల్ బోర్డు ఇచ్చిన సర్టిఫికెట్ ఉన్నాయి. కుడి చేతికి 40 శాతం శాశ్వత వైకల్యం అని అందులో ఉంది. హాజరు పుస్తకం కాపీ లేదు, గుర్తింపు కార్డు లేదు, పనిలో పెట్టుకున్నట్టు చీటీ ముక్క కూడా లేదు.

ముందు ఒక విషయం తేల్చుకోవాల్సి వచ్చింది. ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలోకి వచ్చే కార్మికుడైతే ఈ చట్టం కింద క్లెయిమ్ వేయడానికి ఈఎస్‌ఐ చట్టం 53వ సెక్షన్ అడ్డొస్తుంది. యజమాని చందా కట్టలేదన్నంత మాత్రాన ఆ అడ్డు తొలగిపోదు. అందుకే బ్యాంకు స్టేట్‌మెంట్ తెప్పించి కూలి లెక్క చూశాం. వారానికి ఆరు రోజులకు 5,700, నెల సగటు 24,700. ఈఎస్‌ఐ వేతన పరిమితి 21,000 కాబట్టి ఆయన దాని బయట ఉన్నారు. అదే లెక్క ఇంకో పనికి కూడా వచ్చింది. పరిహారం లెక్కించడానికి తీసుకునే నెల వేతనానికి గరిష్ఠ పరిమితి 2010 నుంచి 8,000గా ఉండేది, 2020 జనవరి 3 నుంచి 15,000 అయింది. ప్రమాదం ఆ తేదీ తర్వాతది, కూలి 15,000 దాటింది, కాబట్టి 15,000 మీదే లెక్క. ప్రమాదం జరిగిన రోజున ఏ రూలు ఉందో అదే వర్తిస్తుందని కె. శివరామన్ కేసులో 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కనుక ఇక్కడ వివాదం రాదనుకున్నాం, రాలేదు కూడా.

లెక్క ఎలా ఉంటుందో ఇక్కడే చెప్పేస్తాను. శాశ్వత పూర్తి వైకల్యం అయితే నెల వేతనంలో 60 శాతాన్ని, అంటే 9,000 రూపాయల్ని, వయసును బట్టి నాలుగో షెడ్యూల్‌లో ఉన్న గుణకంతో హెచ్చించాలి. 40 ఏళ్లకు ఆ గుణకం 184.17. మొత్తం 16,57,530 రూపాయలు. అదే 40 శాతం పాక్షిక వైకల్యం అనుకుంటే 6,63,012. కేసంతా ఈ రెండు అంకెల మధ్య నడిచింది.

మొదట చేసినవి, ఫలించనివి

మొదట మాట్లాడి చూశాం. ఇలాంటి కుటుంబాలకు వాయిదాల చుట్టూ తిరిగే శక్తి ఉండదు, సరైన మొత్తానికి కమిషనర్ ముందే ఒప్పందం రిజిస్టర్ అయితే అంతకంటే కావాల్సింది లేదు. నోటీసు పంపాం. మేస్త్రీ తరఫున వచ్చిన జవాబులో ఆయనెవరో తమకు తెలియదని ఉంది. బిల్డర్ జవాబే ఇవ్వలేదు, ఫోన్‌లో మాత్రం ఇంకో యాభై వేలు ఇస్తామన్నారు. "కేసు వేస్తే ఎన్నేళ్లు పడుతుందో మీకు తెలుసు కదా" అని మనకే గుర్తుచేశారు. ఆలస్యం వాళ్లకు లాభమన్న లెక్క ఆ మాటలోనే ఉంది. ఆ లెక్క ఎందుకు తప్పో తర్వాత చెబుతాను.

క్లెయిమ్ ఎక్కడ వేయాలన్నది తర్వాతి నిర్ణయం. 21వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన చోటే కాక, బాధితుడు నివాసముండే ప్రాంతంలోని కమిషనర్ దగ్గర కూడా వేయొచ్చు. అప్పటికి కుటుంబం సొంత ఊరికి వెళ్లిపోయింది. అక్కడ వేస్తే ఆయనకు ప్రయాణం తప్పుతుంది. కానీ ఆస్పత్రి రికార్డు, ఆపరేషన్ చేసిన డాక్టర్, సైట్, బిల్డర్ అందరూ హైదరాబాద్‌లోనే. డాక్టర్‌ని ఎనిమిది వందల కిలోమీటర్లు రప్పించడం జరిగే పని కాదు. సాక్ష్యం ఎక్కడుందో అక్కడే వేద్దామన్నాం. ఆయన రావాల్సింది సాక్ష్యం ఇచ్చే రోజుకీ, డాక్టర్ సాక్ష్యం రోజుకీ మాత్రమేనని వివరించాక కుటుంబం ఒప్పుకుంది.

బిల్డర్‌నీ మేస్త్రీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాం. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టర్‌కి ఇచ్చి చేయించుకుంటే, ఆ కాంట్రాక్టర్ కింది కార్మికుడికి కూడా అసలు యజమానే పరిహారం చెల్లించాలని, తర్వాత కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవచ్చని 12వ సెక్షన్ చెబుతుంది. అపార్ట్‌మెంట్లు కట్టి అమ్మేవాళ్లకు స్లాబ్ సెంట్రింగ్ తమ వ్యాపారంలో భాగం కాదని చెప్పే దారి లేదు. మేస్త్రీ ఒక్కడి మీదే వేస్తే ఆర్డర్ వస్తుంది, డబ్బు రాదు.

పని సంబంధాన్ని రుజువు చేయడానికి హాజరు పుస్తకం, కూలి రిజిస్టరు తెప్పించమని పిటిషన్ వేశాం. అలాంటివి లేవని ఇద్దరూ ప్రమాణపత్రం దాఖలు చేశారు. రిజిస్టర్లు నిర్వహించాల్సిన వాళ్లే లేవంటే వాళ్లకు వ్యతిరేకంగా ఊహించవచ్చని వాదించవచ్చు, వాదించాం. కానీ అదొక్కటే చాలదు.

తోటి పనివాళ్లు ఇద్దరు సాక్ష్యం చెబుతామన్నారు. ఒకతను ముందే తప్పుకున్నాడు, అదే మేస్త్రీ దగ్గర ఇంకా పనిచేస్తున్నాడు. రెండో అతను చీఫ్ అఫిడవిట్ (రాతపూర్వక సాక్ష్యం) మీద సంతకం పెట్టాడు గానీ క్రాస్‌కి, అంటే ఎదుటి న్యాయవాది ప్రశ్నలకు, రాలేదు. క్రాస్ జరగని అఫిడవిట్‌కి విలువుండదు. అతన్ని తప్పుపట్టలేం. సాక్ష్యం చెప్పిన మర్నాటి నుంచి పిల్లలకు అన్నం ఎవరు పెడతారన్న భయం చిన్నది కాదు. ఇలాంటి కేసుల్లో తోటి కార్మికుల మీద ఆధారపడి వ్యూహం కడితే ఆ భారమంతా వాళ్ల మీదే పడుతుంది. అందుకే కాగితాల వైపు మళ్లాం.

కమిషనర్ ముందు బిల్డర్ వేసిన కౌంటర్‌లో (రాతపూర్వక జవాబులో) మూడు వాదనలున్నాయి. ఒకటి, ఆయన మా కార్మికుడే కాదు. రెండు, ఒకవేళ అనుకున్నా సేఫ్టీ బెల్టు పెట్టుకోమని చెప్పినా వినలేదు. మూడు, వైకల్యం 40 శాతమే, ఆయన వాచ్‌మన్‌గానో లిఫ్ట్ ఆపరేటర్‌గానో పనిచేసుకోవచ్చు.

పని సంబంధాన్ని నిలబెట్టిన కాగితం

ఆస్పత్రిలో పూర్తి కేస్ షీట్ కోసం దరఖాస్తు పెట్టాం. డిశ్చార్జి సమ్మరీలో "ఎత్తు నుంచి పడిపోవడం" అని మాత్రమే ఉంటుంది. మెడికో లీగల్ రిజిస్టర్‌లో మాత్రం తీసుకొచ్చిన వ్యక్తి పేరు, ఫోన్ నంబరు, ప్రమాదం ఎలా జరిగిందన్నది విడివిడిగా రాస్తారు. ఆ పేజీ కాపీలో నీలం ఇంకుతో రాసిన వరస స్పష్టంగా ఉంది: సైట్‌లో సెంట్రింగ్ విప్పుతుండగా జారిపడ్డాడు. తీసుకొచ్చినవారి గడిలో ఒక పేరు, దాని పక్కన పది అంకెల నంబరు.

ఆ నంబరు ఎవరిదో మాకు మొదట తెలియలేదు. క్లయింట్ ఫోన్‌లో పాత ఫొటోలు చూస్తుంటే, సైట్ గేటు ముందు పనివాళ్లందరూ కలిసి దిగిన ఫొటో కనబడింది. వెనక బిల్డర్ ఫ్లెక్సీ బోర్డు ఉంది. పెద్దది చేసి చూస్తే "సైట్ ఇన్‌ఛార్జి" అన్న మాట కింద అదే నంబరు.

ఆస్పత్రి రికార్డు సెక్షన్ ఉద్యోగిని సాక్షిగా పిలిపించి రిజిస్టరు మార్క్ చేయించాం. బిల్డర్ తరఫు సాక్షిని క్రాస్‌లో అడిగితే ఆ నంబరు తమ ఇన్‌ఛార్జిదేనని ఒప్పుకున్నారు. మీ కార్మికుడు కాని మనిషిని మీ ఇన్‌ఛార్జి ఆస్పత్రికి ఎందుకు తీసుకెళ్లారంటే, మానవత్వంతో అన్నారు. మానవత్వంతో తీసుకెళ్లినవాళ్లు స్టాంపు పేపరు మీద "ఇకపై క్లెయిమ్ చేయను" అని ఎందుకు రాయించుకున్నారన్నది తర్వాతి ప్రశ్న. దానికి జవాబు రాలేదు. పరిహారాన్ని ఎగ్గొట్టడానికి రాయించిన కాగితమే పని సంబంధానికి సాక్ష్యమైంది. శనివారాల ఫోన్‌పే చెల్లింపులు మేస్త్రీ ఖాతా నుంచే వచ్చాయని బ్యాంకు స్టేట్‌మెంట్ తేల్చింది. దాంతో మొదటి వాదన ముగిసింది.

డాక్టర్ సాక్ష్యం: కేసు దాదాపు జారిపోయిన చోటు

మెడికల్ బోర్డులోని డాక్టర్ ముందు సాక్ష్యం ఇచ్చారు. నిజాయితీగానే చెప్పారు. వైకల్యం 40 శాతం అన్నారు. క్రాస్‌లో "తేలికపాటి పనులు చేసుకోగలడా" అని అడిగితే "చేసుకోగలడు" అన్నారు. ఆ ఒక్క మాటతో మా పది లక్షలు గాల్లో కలిసిపోయేలా ఉన్నాయి.

ఇక్కడ చట్టం ఏం అడుగుతోందో నిదానంగా చూడాలి. బోర్డు ఇచ్చే శాతం శరీరానికి జరిగిన నష్టం కొలత. పింఛను, బస్ పాస్ లాంటివాటికి అది సరిపోతుంది. ఏ గాయానికి ఎంత శాతమో చెప్పే మొదటి షెడ్యూల్‌లో లేని గాయాల విషయంలో చట్టంలోని 4(1)(సి)(2) సెక్షన్ అడిగేది సంపాదన సామర్థ్యంలో ఎంత నష్టం జరిగిందన్నది, దాన్ని డాక్టర్ అంచనా వేయాలి. ఈ రెండూ ఒకటి కావని సుప్రీంకోర్టు 2007లో ఇచ్చిన ముబాసిర్ అహ్మద్ తీర్పులోనే ఉంది. బీమా కంపెనీలు ఆ తీర్పును కార్మికులకు వ్యతిరేకంగా వాడుతుంటాయి, డాక్టర్ చెప్పినదానికి మించి ఇవ్వకూడదని. కానీ అదే తీర్పులోని ఆ మాట మా వైపు కూడా పనిచేస్తుంది: మన డాక్టర్ ఇచ్చిన 40, చట్టం అడిగిన ప్రశ్నకు జవాబే కాదు. ఆ ప్రశ్నను డాక్టర్‌ని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఆపరేషన్ చేసిన ఎముకల డాక్టర్‌ని సాక్షిగా పిలవడానికి అనుమతి కోరాం. ఆయన రాకముందు ఇంకో పని చేశాం. పనిచేయడం మానేసి ఇంటి దగ్గరే ఉంటున్న ఒక పాత సెంట్రింగ్ మేస్త్రీని కలిసి, ఈ పనిలో చేతులు ఏమేం చేస్తాయో ఒక్కొక్కటీ చెప్పించుకుని రాసుకున్నాం. జాకీ మరను రెండు చేతులతో తిప్పి బిగించడం. షీటును తల మీదుగా ఎత్తి పైకి అందించడం. ఎడమ చేత్తో మేకు పట్టి కుడి చేత్తో సుత్తి కొట్టడం, అది కూడా స్లాబ్ కింద నిలబడి పైకి చూస్తూ. రంపం కోత. గడ్డపలుగుతో షీటు ఊడదీయడం. పరంజా ఎక్కేటప్పుడు ఒక చేత్తో సామాను, ఇంకో చేత్తో పట్టు. ఆ పెద్దాయనే సాక్షిగా వచ్చి ఇవన్నీ కమిషనర్‌కి వివరించారు. ఆయనకు ఎవరి దగ్గరా పని అవసరం లేదు కాబట్టి ఎవరి భయమూ లేదు.

తర్వాత డాక్టర్ సాక్ష్యం. మేం శాతం ఊసే ఎత్తలేదు. ఆ జాబితాలోని పనులు ఒక్కొక్కటీ అడిగాం. ఈ రోగి కుడి చేత్తో అరకిలో బరువున్న సుత్తిని ఎత్తి కొట్టగలడా? లేడు, మణికట్టు నిలవదు. చేయి తల మీదికి లేస్తుందా? లేవదు. మరను తిప్పే బలం పిడికిలికి ఉందా? లేదు. పరంజా ఎక్కితే ప్రమాదమా? కచ్చితంగా ప్రమాదం, పట్టు ఉండదు. ఇది మెరుగయ్యే అవకాశముందా? ఇంతకాలం తర్వాత లేదు. అన్నీ అయ్యాక చివరి ప్రశ్న: సెంట్రింగ్ కార్పెంటర్‌గా ఈయన సంపాదన సామర్థ్యంలో ఎంత కోల్పోయారు? "ఆ పని విషయంలో పూర్తిగా" అన్నారు డాక్టర్. బోర్డు 40 శాతం తప్పా అని ఎదుటి న్యాయవాది అడిగితే, "తప్పు కాదు, అది చేతి కొలత. మీరిప్పుడు అడిగింది పని గురించి" అన్నారు. అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

వాదనలు

ఎదుటివాళ్లకు రెండు గట్టి పాయింట్లున్నాయి, వాటిని తేలిగ్గా తీసుకోలేదు. మొదటిది: సంపాదన నష్టాన్ని లెక్కించేటప్పుడు డాక్టర్ మొదటి షెడ్యూల్‌లోని శాతాలను దృష్టిలో పెట్టుకోవాలని చట్టంలోనే వివరణ ఉంది. ఆ షెడ్యూల్‌లో భుజం దగ్గరి నుంచి ఒక చెయ్యి మొత్తం పోయినా 90 శాతమే. చెయ్యి ఉండి పట్టు పోయినవాడికి నూరు ఎలా ఇస్తారు? రెండోది: పూర్తి వైకల్యం అంటే ప్రమాదం నాటికి చేయగలిగిన "అన్ని పనులకూ" పనికిరాకుండా పోవడమని 2(1)(ఎల్) నిర్వచనం. వాచ్‌మన్ పని ఆ రోజూ చేయగలిగేవాడు, ఈ రోజూ చేయగలడు కదా?

మొదటి దానికి జవాబు దాదాపు యాభై ఏళ్ల కిందటిది. ఒడిశాలోని జయపురంలో సినిమా హాలు అలంకరణ పని చేస్తూ ఒక కార్పెంటర్ కిందపడ్డాడు, ఎడమ చేయి మోచేతి దగ్గర తీసేయాల్సి వచ్చింది. షెడ్యూల్ శాతం నూరు కన్నా తక్కువే. అయినా ఒక్క చేత్తో కార్పెంటర్ పని సాగదు కాబట్టి నూరు శాతం నష్టమేనన్న కమిషనర్ నిర్ణయాన్ని ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో నలుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు సమర్థించారు. 1975 డిసెంబరులో వచ్చిన ఆ తీర్పు ఈ రోజుకీ నిలిచే ఉంది. మా క్లయింటూ కార్పెంటరే. దెబ్బతిన్నది కుడి చేయి.

రెండో దానికి ఇటీవలి తీర్పులు పనికొచ్చాయి. 2019 డిసెంబరులో చన్నప్ప నాగప్ప కేసులో ఒక లారీ డ్రైవర్‌కి డాక్టర్ 37 శాతం వైకల్యం అన్నారు. కాలు మడవలేని, ఎక్కువసేపు నిలబడలేని మనిషి లారీ నడపలేడు కాబట్టి సుప్రీంకోర్టు నూరు శాతంగా లెక్కించింది. 2023లో ఇంద్రాబాయి కేసులో హమాలీ పని చేసే మహిళకు కమిషనర్ ఇచ్చిన నూరు శాతాన్ని హైకోర్టు తగ్గిస్తే, సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. శరీర కష్టం మీద బతికే మనిషి విషయంలో "చేయగలిగిన పనులు" అన్న మాటను ఆ మనిషి చదువు, నైపుణ్యం, చేస్తూ వచ్చిన పనుల వెలుగులో చూడాలి తప్ప, లోకంలో ఉన్న పనులన్నిటి జాబితా తీసి ఒక్కటి దొరికినా పరిహారం తగ్గించకూడదన్నది మా వాదన. ఆయన నాలుగో తరగతి దాకా చదివారు, పద్దెనిమిదేళ్ల వయసు నుంచి చేసిందీ తెలిసిందీ సెంట్రింగే. ఆయనకు వాచ్‌మన్ ఉద్యోగం ఇస్తామని బిల్డర్ ఈ కేసు మొత్తంలో ఒక్కసారీ అనలేదని కూడా రికార్డు మీద పెట్టాం.

సేఫ్టీ బెల్టు వాదన సంగతి. భద్రతా నియమాన్ని కావాలని ధిక్కరించడం వల్ల గాయమైతే యజమానికి బాధ్యత లేదని 3వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కానీ మరణానికీ శాశ్వత పూర్తి వైకల్యానికీ ఆ మినహాయింపు వర్తించదు. అంటే నూరు శాతం అని తేలిన మరుక్షణం బెల్టు వాదన దానంతటదే పడిపోతుంది. 40 దగ్గర ఆగితే మొత్తమూ తగ్గేది, ఈ వాదన కూడా బతికి ఉండేది. శాతం మీద అంత సమయం పెట్టడానికి ఇది రెండో కారణం. నిజానికి బెల్టు ఇచ్చినట్టు కొనుగోలు బిల్లు ఒక్కటీ వాళ్లు చూపలేకపోయారు, అది వేరే సంగతి.

ఆర్డర్, ఆ పైన హైకోర్టు

కమిషనర్ నూరు శాతం ఒప్పుకున్నారు. 16,57,530లో 75,000 మినహాయించి 15,82,530 రూపాయలు, బిల్డర్ మేస్త్రీ ఇద్దరి మీదా. అదనంగా వైద్య ఖర్చుల బిల్లులు. వడ్డీ దగ్గర మాత్రం నిరాశ ఎదురైంది. ఆర్డర్ వచ్చిన 30 రోజుల్లో కట్టకపోతేనే 12 శాతం వడ్డీ అని రాశారు. ప్రమాదం నుంచి ఆర్డర్ దాకా 38 నెలలు. నెలకు 15,825 చొప్పున వడ్డీయే 6 లక్షలు దాటుతుంది. కుటుంబం "వచ్చింది చాలు సార్" అంది. వాళ్ల అలసట అర్థమైంది. కానీ బిల్డర్ ఎలాగూ అప్పీలుకు వెళ్తారని, మనమూ హైకోర్టులో ఉండక తప్పదని, వడ్డీ మీద చట్టం చాలా స్పష్టంగా ఉందని చెప్పి ఒప్పించాం.

పరిహారం ఎప్పుడు బాకీ పడుతుంది? కమిషనర్ తేల్చిన రోజునా, ప్రమాదం జరిగిన రోజునా? ఆ జయపురం కార్పెంటర్ తీర్పే దీన్నీ తేల్చింది: ప్రమాదం జరిగిన రోజున. 1999లో వత్సల కేసులో ముగ్గురు న్యాయమూర్తులు అదే దారిలో నడిచారు. మధ్యలో 2007 నాటి ముబాసిర్ అహ్మద్ తీర్పు ఆర్డర్ తేదీ నుంచి అనడంతో గందరగోళం మొదలైంది. పెద్ద బెంచిల తీర్పులకు విరుద్ధం కాబట్టి అది అనుసరించదగినది కాదని 2012లో సిబీ జార్జి కేసులో చెప్పారు. అయినా కింది ఆర్డర్లలో ఆ పాత వాక్యం ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. 2022లో శోభ కేసులో, చక్కెర కర్మాగారం ఒకటి ప్రతివాదిగా ఉన్న వ్యవహారంలో, ఆర్డర్ తర్వాత నెల నుంచి వడ్డీ అన్న హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు కొట్టేసి ప్రమాద తేదీ నుంచే ఇవ్వాలంది.

బిల్డర్ మొత్తం డిపాజిట్ చేసి అప్పీలు వేశారు. డిపాజిట్ సర్టిఫికెట్ లేకుండా యజమాని అప్పీలు స్వీకరించరు, 30వ సెక్షన్‌లో కార్మికుడికి ఉన్న గట్టి రక్షణ అది. వాళ్ల వాదనంతా శాతం చుట్టూనే. కానీ 30వ సెక్షన్ కింద ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉంటేనే హైకోర్టు జోక్యం చేసుకోవాలి. వాస్తవాల మీద కమిషనర్ మాటే ఆఖరుదని, మొదటి అప్పీలులా సాక్ష్యాన్ని మళ్లీ తూకం వేయకూడదని 2016 నాటి గొల్ల రాజన్న తీర్పు. ఇద్దరు డాక్టర్ల సాక్ష్యం, పాత మేస్త్రీ వివరణ రికార్డు మీద ఉన్నాయి కాబట్టి కమిషనర్ నిర్ణయం ఆధారం లేనిదని అనడానికి లేకపోయింది. వాళ్ల అప్పీలు కొట్టేశారు. వడ్డీ మీద మేం వేసిన అప్పీలు అనుమతించి, ప్రమాద తేదీ నుంచి ఇవ్వాలన్నారు.

"ఎన్నేళ్లు పడుతుందో తెలుసు కదా" అన్న మాటకు జవాబు ఇక్కడుంది. ఆలస్యమైన ప్రతి నెలకూ వాళ్ల బాకీ పదిహేను వేలకు పైగా పెరుగుతూ వచ్చింది. ఈ లెక్కను నోటీసు దశలోనే అంకెలతో యజమాని ముందు పెట్టడం ఇప్పుడు మా ఆఫీసులో అలవాటైంది. దాని వల్ల కొన్ని కేసులు కమిషనర్ ముందే సరైన మొత్తానికి ముగుస్తున్నాయి.

తోటి న్యాయవాదులకు

డాక్టర్‌ని పిలిచేముందు ఆ వృత్తి తెలిసిన మనిషి దగ్గర కూర్చోండి. శాతం అడగకండి, పని అడగండి. సాక్ష్యం కింది దశలోనే పూర్తిగా ఎక్కించాలి, హైకోర్టులో దాన్ని బాగుచేసుకునే వీలు దాదాపు లేదు. గొల్ల రాజన్న తీర్పు మనకు రక్షణ అయింది గానీ, కమిషనర్ దగ్గర సాక్ష్యం బలహీనంగా ఉండి 40 శాతానికే ఆర్డర్ వచ్చి ఉంటే అదే తీర్పు మన దారికి అడ్డం పడేది.

మెడికో లీగల్ రిజిస్టరు కాపీ మొదటి వారంలోనే తీసుకోండి. ఎఫ్ఐఆర్ లేకపోయినా క్లెయిమ్ నిలుస్తుంది, కానీ ఆ పేజీ లేకపోతే మా కేసు చాలా కష్టమయ్యేది.

2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చి ఈ పాత చట్టం స్థానాన్ని తీసుకుంది. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాల ఫైళ్లు మన దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. కాబట్టి ఫైలు తెరవగానే ముందు ప్రమాదం తేదీ చూసి, ఆ రోజు ఏ చట్టం, ఏ పరిమితి ఉందో రాసుకోవాలి. ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో జరిగే ప్రమాదాలు కూడా పనితో సంబంధం రుజువైతే పరిధిలోకి వస్తాయని కోడ్‌లో ఉంది. పాత చట్టం కింద కూడా అంతేనని 2025 జూలైలో దైవశాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తెల్లవారుజామున డ్యూటీకి మోటార్ సైకిల్ మీద వెళ్తూ చనిపోయిన చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ కుటుంబం కేసు అది. మేస్త్రీ ఆటోలో సైట్‌కి వెళ్తూ దెబ్బలు తగిలి, "సైట్ బయట జరిగింది కదా" అని వెనక్కి పంపేసిన కార్మికులు మీ దగ్గరికి గతంలో వచ్చి ఉంటే, రెండేళ్ల గడువు చూసుకుని వాళ్ల ఫైళ్లు మళ్లీ తీయండి. గడువు దాటినా తగిన కారణం ఉంటే కమిషనర్ అనుమతించవచ్చు.

ఈ కేసులో జరిమానా ఇంకా తేలలేదు. సమర్థించుకోదగ్గ కారణం లేకుండా పరిహారం ఆపితే 50 శాతం దాకా జరిమానా వేయొచ్చు, దానికి ముందు యజమానికి షోకాజ్ నోటీసు ఇవ్వాలి. నోటీసు వెళ్లింది. తమకు నిజమైన సందేహం ఉండడం వల్లే కట్టలేదని బిల్డర్ జవాబిచ్చారు. దానికి ప్రతిగా స్టాంపు పేపరు అసలు కాపీనీ, దాని మీద ఉన్న తేదీనీ దాఖలు చేశాం. ప్రమాదం జరిగిన పదో రోజున డబ్బిచ్చి క్లెయిమ్ చేయననిపించుకున్నవాళ్లకు, బాధ్యత తమదేనా అన్న సందేహం ఆ రోజు ఉందా లేదా అన్నదే ఇప్పుడు కమిషనర్ తేల్చాల్సింది.